రాయవేలూరు డాక్టరమ్మ

మా చిత్తూరు వైపు ఎవరికైనా జబ్బు ముదిరిందంటే ఇంట్లో పెద్దవాళ్ళ నోట మొదట వచ్చే ఊరి పేరు వేలూరు. పాతతరం వాళ్ళు రాయవేలూరు అంటారు. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి పోయే రైలు ఎక్కి చూడండి. ఎక్స్‌రే కవర్లు, లావుపాటి ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది పోయేది ఒకే చోటికి, సి.ఎం.సి. ఆస్పత్రికి.

అంత పెద్ద ఆస్పత్రి 1900లో ఒక ఇంట్లో, ఒక చిన్న గదిలో, ఒకే ఒక్క మంచంతో మొదలైంది. మొదలుపెట్టిన ఆమె పేరు ఐడా సోఫియా స్కడర్.

ఆమె గురించి ఇప్పుడెందుకంటే, ఈ మధ్య కాలేజీల్లో సోషల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మీద ఏ సెషన్ పెట్టినా ఒకటే ప్రశ్న వినిపిస్తోంది. నీ మోటివేషన్ ఏంటి? నిన్ను కదిలించిన సంఘటన ఏంటి? ఫౌండర్ కథలన్నీ అలాంటి ఒక్క సంఘటన చుట్టే తిరుగుతాయి. ఐడా జీవితంలో కూడా అలాంటి సంఘటన ఉంది, అది చాలా బలమైనది. కానీ ఆమె కథ మొత్తం చదివితే నాకు అర్థమైంది వేరు. ఆ సంఘటన ఆమెను డాక్టర్‌ని చేసింది, అంతే. వేలూరు ఆస్పత్రిని నిలబెట్టినవి ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా ఆమె తీసుకుంటూ పోయిన నిర్ణయాలు.

అప్పుడు అంతా ఒకే జిల్లా

ముందుగా ఒక చిన్న విషయం. ఇప్పుడు వేలూరు తమిళనాడు, చిత్తూరు ఆంధ్ర. ఐడా కాలంలో అలా లేదు. తిరుపతి, చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ కలిపి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆ జిల్లాకు హెడ్‌క్వార్టర్స్ చిత్తూరే. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది. అంటే ఐడా మొదటి మంచం వేసినప్పుడు ఆమె పని చేసింది మన జిల్లాలోనే అన్నమాట. ఇప్పటికీ వేలూరులో, గుడియాత్తంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు.

వద్దనుకున్న దేశం

ఐడా 1870 డిసెంబర్ 9న రాణిపేటలో పుట్టింది. వాళ్ళది మిషనరీ డాక్టర్ల కుటుంబం. తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి బయలుదేరి సింహళానికి వచ్చాడు, తర్వాత మద్రాసు వైపు పని చేశాడు. తండ్రి కూడా డాక్టరే, ఆయన పేరు కూడా జాన్ స్కడరే. చుట్టాల్లో చాలామంది మిషన్‌లోనే ఉండేవాళ్ళు. ఇంట్లో అందరూ ఇంజనీర్లయితే పిల్లల్ని ఏం చేయిస్తారో మనకు తెలుసు కదా, వాళ్ళింట్లో కూడా అదే లెక్క.

ఐడాకు మాత్రం ఆ బతుకు ఇష్టం లేదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పట్టి పీడించిన పెద్ద కరువును ఆమె ఆరేడేళ్ళ వయసులో చూసింది. రాయలసీమ, ఆర్కాటు జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయిన కరువు అది. ఆకలితో ఉన్న పిల్లల చేతికి రొట్టె అందిస్తే చాలదు, ముక్కలు చేసి నోట్లో పెట్టాల్సి వచ్చేది. అంత నీరసం. ఆ జ్ఞాపకాలతోనే ఆమె కుటుంబంతో అమెరికా వెళ్ళింది, మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్‌లో అమ్మాయిల స్కూల్లో చదివింది. అక్కడే స్థిరపడాలని, పెళ్ళి చేసుకుని హాయిగా ఉండాలని అనుకుంది. ఇండియాకు తిరిగి రాకూడదనేది గట్టి నిర్ణయం.

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురు వచ్చింది. అప్పుడు తల్లిదండ్రులు తిండివనంలో ఉన్నారు. కొన్నాళ్ళు సాయంగా ఉండి వెళ్ళిపోదామని ఐడా వచ్చింది.

ఆ రాత్రి

అక్కడ ఉన్నప్పుడు జరిగిందే ఆమె జీవితం గురించి చెప్పే ప్రతి ఒక్కరూ చెప్పే సంఘటన. ఒక రాత్రి గంటల తేడాలో ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వాళ్ళ బంగళాకు వచ్చారు. ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, ఇంకో పెద్దకులం హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాల మీదికి వచ్చిన స్థితిలో ఉన్నారు. ముగ్గురూ ఐడానే రమ్మని అడిగారు. ఆమెకు వైద్యం రాదు. నాన్న డాక్టర్, ఆయన వస్తారు, నేను పక్కన ఉండి సాయం చేస్తాను అని ఆమె చెప్పి చూసింది. ముగ్గురూ ఒప్పుకోలేదు. పరాయి మగవాడు తమ ఆడవాళ్ళను ముట్టుకోవడం వాళ్ళ ఆచారానికి కుదరదు.

తెల్లారేసరికి ముగ్గురు అమ్మాయిలూ చనిపోయారని తెలిసింది. ముగ్గురివీ చిన్న వయసులే.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. ఆ ఇంట్లో డాక్టర్ ఉన్నాడు. మందులు ఉన్నాయి. రావడానికి సిద్ధంగా ఉన్నాడు కూడా. అయినా ముగ్గురు చనిపోయారు. అంటే అక్కడ లేనిది డాక్టర్ కాదు, ఆ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగిన డాక్టర్. సమస్యను ఐడా సరిగ్గా అక్కడే పట్టుకుంది. ఆచారాన్ని తిడుతూ కూర్చుంటే ఇంకో రాత్రి ఇంకో ముగ్గురు పోతారు. ఆడ డాక్టర్ ఉంటే ఆ రాత్రి తలుపు తెరుచుకునేది. మర్నాడు ఆమె తల్లిదండ్రులకు తన నిర్ణయం చెప్పేసింది. అమెరికా వెళ్ళి డాక్టర్ చదివి తిరిగి వస్తానని.

చదువు, మొదటి డబ్బు

1895లో ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజీలో చేరింది. కార్నెల్ మెడికల్ కాలేజీ న్యూయార్క్‌లో తెరిచి ఆడవాళ్ళను చేర్చుకుంటుందని తెలియగానే అక్కడికి మారింది. 1899లో డిగ్రీ తీసుకుంది. కార్నెల్ నుంచి డాక్టర్లుగా బయటికొచ్చిన మొదటి ఆడవాళ్ళ బ్యాచ్ అది.

తిరిగి వచ్చే ముందు ఆమెకు ఒక పని అప్పజెప్పారు. వేలూరులో ఆడవాళ్ళ ఆస్పత్రి కోసం 8,000 డాలర్లు సేకరించాలి. ఇల్లిల్లూ తిరిగింది, కొద్దికొద్దిగా వచ్చింది. ఒక ఇంట్లో తను చూసిన రాత్రి గురించి చెబుతుంటే పక్క గదిలో ఉన్న పెద్దమనిషి విన్నాడు. ఆయన రాబర్ట్ షెల్ అనే బ్యాంకర్. చనిపోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరు మీద ఆస్పత్రి కట్టమని 10,000 డాలర్లు ఇచ్చాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది ఆమె సీడ్ ఫండింగ్.

ఒక్క మంచం

1900 మొదట్లో ఐడా వేలూరు చేరింది. తోడుగా స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్ వచ్చింది. ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళకు క్రైస్తవం గురించి చెప్పడం ఆనీ పని. ఇది దాచాల్సిన విషయం కాదు. ఐడా మిషనరీ, ఆ నమ్మకంతోనే వచ్చింది, ఆమెకు డబ్బు ఇచ్చినవాళ్ళు కూడా ఆ నమ్మకంతోనే ఇచ్చారు. ఈ విషయం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉండొచ్చు. కానీ ఆమె తలుపు ముందు నిలబడిన పేషెంట్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నారు, వైద్యం అందరికీ చేసింది.

వచ్చిన కొన్ని నెలలకే దెబ్బ తగిలింది. 1900లోనే తండ్రి క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకోవచ్చు, ఆయన పేరు చూసి జనం వస్తారు అనుకున్న కొత్త డాక్టర్‌కు ఒక్కసారిగా ఎవరూ లేకుండా పోయారు. ఆడ డాక్టర్ అంటే జనానికి నమ్మకం లేదు. మొదట్లో పేషెంట్లే రాలేదు. బంగళాలో ఒక చిన్న గదిని డిస్పెన్సరీ చేసి, ఒక మంచం వేసి కూర్చుంది. వంటవాడి భార్య సలోమీని సహాయకురాలిగా పెట్టుకుని, గాయం కడగడం, కట్టు కట్టడం నుంచి అన్నీ నేర్పింది.

మెల్లగా జనం రావడం మొదలైంది. రెండేళ్ళలో ఆ గదిలోంచే దాదాపు 5,000 మందికి వైద్యం చేసింది. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ ఆస్పత్రి తెరిచారు.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడిపోతుంది. నిజానికి అసలు లెక్క ఇక్కడే మొదలైంది. ఆస్పత్రి ఉంది, డాక్టర్ మాత్రం ఒక్కరే. ఐడా జ్వరంతో పడుకుంటే ఆస్పత్రి కూడా పడుకున్నట్టే. మన సబ్జెక్టులో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. సర్వర్ ఒకటే ఉంటే అది ఎంత మంచిదైనా సిస్టమ్ మంచిది కాదు.

చెట్టు కింద ఆస్పత్రి

ఆమెకు ఇంకో విషయం కూడా కనబడింది. వేలూరుకు రాగలిగినవాళ్ళు వస్తున్నారు, రాలేనివాళ్ళు పల్లెల్లో అలాగే చచ్చిపోతున్నారు. అందుకే 1906 ప్రాంతం నుంచి ఆమే పల్లెలకు బయలుదేరింది. వారానికోసారి గుడియాత్తం రోడ్డు మీద పోతూ, దారిలో ఫలానా చెట్టు కింద ఫలానా టైముకు ఆగుతుందని జనానికి తెలిసేలా చేసింది. మొదట బండిలో వెళ్ళేది. తర్వాత ప్యూజో కారు వచ్చింది. దాన్ని మొదటిసారి చూసిన పల్లెజనం దయ్యం వస్తోందని పొలాల్లోకి పరుగెత్తారట. కొన్నాళ్ళకు ఆ కారు కోసమే పొద్దున్నుంచి రోడ్డు పక్కన కాచుకుని కూర్చునేవాళ్ళు. పుళ్ళు, కంటి జబ్బులు, జ్వరాలు, కుష్ఠు, అన్నీ ఆ చెట్ల కిందే చూసేది.

ఇప్పుడు మొబైల్ క్లినిక్ అంటే మనకు కొత్త ఐడియాలా వినిపించదు. వందేళ్ళ కిందట దీని గొప్పతనం కారులో లేదు, టైము తప్పకపోవడంలో ఉంది. ఈ వారం వచ్చి వచ్చే వారం రాని డాక్టర్‌ను నమ్ముకుని ఎవరూ మైళ్ళు నడిచి రోడ్డు దగ్గరికి రారు.

తనలాంటి వాళ్ళను తయారుచేయడం

ఒక్క మనిషి ఎంత తిరిగినా ఎంతమందిని చూడగలదు? ఐడా తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే పెద్దది ఈ ప్రశ్నలోంచే వచ్చింది. అమెరికా నుంచి ఇంకో పదిమంది డాక్టర్లను పంపమని అడుగుతూ కూర్చోకుండా, ఇక్కడి అమ్మాయిలకే నేర్పాలని అనుకుంది. 1909లో నర్సింగ్ స్కూల్ పెట్టింది. ఆ రోజుల్లో ఒంటినీ రక్తాన్నీ ముట్టుకునే పనిని మంచి కుటుంబాల అమ్మాయిలు చేసే పనిగా ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఆ మైల పట్టింపుతో పోరాడుతూనే స్కూల్ నడిపింది. అదే స్కూల్ తర్వాత పెరిగి, 1946లో మన దేశంలో నర్సింగ్‌లో డిగ్రీ కోర్సు మొదలుపెట్టిన తొలి కాలేజీల్లో ఒకటి అయ్యింది.

తర్వాతిది అమ్మాయిల మెడికల్ స్కూల్. మద్రాసు ప్రభుత్వంలో వైద్యశాఖ పెద్ద అధికారికి దీని మీద పెద్దగా ఆశ లేదు. ముగ్గురు అప్లై చేస్తే గొప్ప అన్నట్టు మాట్లాడాడు, ఆరుగురు వస్తే మొదలుపెట్టుకోమని ఒప్పుకున్నాడు. ఆ గీత ఎప్పుడో దాటేసి అప్లికేషన్లు వచ్చాయి. 1918 ఆగస్టు 12న మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్‌లాండ్ ఆ స్కూల్‌ను ప్రారంభించాడు. పేరు యూనియన్ మిషన్ మెడికల్ స్కూల్ ఫర్ విమెన్. యూనియన్ అనే మాట ఊరికే పెట్టలేదు. ఒకే మిషన్ మీద ఆధారపడకుండా చాలా మిషన్లు కలిసి డబ్బు, మనుషులు ఇచ్చేలా ఏర్పాటు చేశారు.

మొదటి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు. పుస్తకాలు కొన్ని, ఎముకలు కొన్ని, మైక్రోస్కోప్ ఒకటి. అనాటమీ పాఠాలు ఐడానే చెప్పేది. మొదటి ఏడాది చివర ప్రభుత్వ పరీక్ష వచ్చింది. అబ్బాయిల మెడికల్ స్కూళ్ళలోనే ఎక్కువ మంది తప్పుతారు, మీవాళ్ళు తప్పితే దిగులు పడొద్దని ముందే ఓదార్చారు. పరీక్ష రాసిన 14 మందీ పాసయ్యారు. 1922లో ఆ 14 మంది లైసెన్స్‌డ్ మెడికల్ ప్రాక్టీషనర్లుగా బయటికొచ్చారు.

అంటే ఆ రాత్రి ముగ్గురు మగవాళ్ళు తలుపు తట్టినప్పుడు వెళ్ళడానికి ఆడ డాక్టర్ ఒక్కరూ లేరు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక్క బ్యాచ్‌లో పద్నాలుగు మంది. ఆ తర్వాత ఏటా ఇంకో బ్యాచ్. వాళ్ళు వెళ్ళిన ఊర్లలో ఆ రాత్రి మళ్ళీ జరగకుండా ఆపగలరు, ఐడా అక్కడ లేకపోయినా.

రూల్ మారింది

ఇక్కడిదాకా ఐడా గెలుస్తూ వచ్చింది. తర్వాత వచ్చిన దెబ్బ వేరే రకం. 1938 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం పాత మెడికల్ స్కూల్ కోర్సును ఎత్తేసింది. ఇకమీదట డాక్టర్ కావాలంటే యూనివర్సిటీ ఎం.బి.బి.ఎస్. చదవాల్సిందే. ప్రభుత్వం చెప్పింది న్యాయమే, డాక్టర్ల స్థాయి పెరగాలి కదా. కానీ వేలూరు స్కూల్‌కు అది దాదాపు తాళం వేయమన్నట్టే. ఎం.బి.బి.ఎస్. కాలేజీ కావాలంటే పెద్ద డిగ్రీలున్న ప్రొఫెసర్లు, ఇంకా ఎక్కువ పడకలు, లేబొరేటరీలు, చాలా డబ్బు కావాలి. బయట రెండో ప్రపంచ యుద్ధం.

అప్పటికి ఐడాకు 70 ఏళ్ళు. రిటైర్ అయ్యే వయసులో 1941లో అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి విరాళాలు అడగడం మొదలుపెట్టింది. 1942లో మద్రాసు యూనివర్సిటీ ఎం.బి.బి.ఎస్. కోర్సుకు తాత్కాలిక గుర్తింపు ఇచ్చింది. పూర్తి గుర్తింపు 1950లో వచ్చింది.

డబ్బు కంటే కష్టమైన ప్రశ్న ఇంకోటి వచ్చింది. అబ్బాయిలను కూడా చేర్చుకుంటే ఇంకా చాలా మిషన్లు కలిసి వస్తాయి, కాలేజీ బతుకుతుంది. కానీ ఇది ఆడవాళ్ళ కోసం, ఆడవాళ్ళు ఇచ్చిన డబ్బుతో కట్టిన చోటు. 1920ల్లో వేలూరు కోసం పెద్ద మొత్తం సేకరించి పెట్టిన పాత స్నేహితురాలు లూసీ పీబాడీ దీన్ని అస్సలు ఒప్పుకోలేదు. ఆడవాళ్ళకని ఇచ్చింది ఆడవాళ్ళకే ఉండాలని పట్టుబట్టి దూరమైంది. లూసీ వాదనలో న్యాయం లేదని నేను చెప్పలేను. కోఎడ్ చేసిన చోట్ల అమ్మాయిల వాటా తగ్గిపోవడం మనం చూస్తూనే ఉన్నాం.

ఐడాకు ఇది తేలికగా తెగలేదు. ఒకవైపు తన జీవితమంతా పెట్టిన ఆడవాళ్ళ కాలేజీ, దశాబ్దాల స్నేహం. ఇంకోవైపు కాలేజీనే లేకుండా పోయే ప్రమాదం. చివరికి అందరూ కలిసి నడిపే కాలేజీకే ఒప్పుకుంది. 1947లో అబ్బాయిలను చేర్చుకున్నారు. నా వరకు ఐడా లీడర్‌షిప్ అంటే ఆ రాత్రి తీసుకున్న నిర్ణయం కంటే ఇదే పెద్దది. మొదటి నిర్ణయం కోసం ఆమె వదులుకున్నది అమెరికా జీవితాన్ని. రెండోసారి వదులుకున్నది తను కన్న కల ఎలా ఉండాలో అని ఊహించుకున్న రూపాన్ని. ఫౌండర్లకు రెండోదే ఎక్కువ కష్టం అనుకుంటా.

విశాఖపట్నం నుంచి వచ్చిన డైరెక్టర్

1946లో ఐడా పదవి వదిలి పక్కకు తప్పుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఆ కాలంలోనే సి.ఎం.సి.కి మొదటి భారతీయ డైరెక్టర్‌గా వచ్చింది డాక్టర్ హిల్డా లాజరస్. ఆమె 1890లో విశాఖపట్నంలో పుట్టింది. అంటే కాన్పు కష్టమై ముగ్గురు అమ్మాయిలు పోవడం చూసి ఐడా డాక్టర్ కావాలని అనుకున్న రోజుల్లోనే, ఆ పనిని ముందుకు తీసుకుపోవాల్సిన మనిషి మన తెలుగు నేల మీద పుట్టింది. హిల్డా స్పెషాలిటీ కూడా కాన్పులే. ఈ పోలిక కాకతాళీయమే, కానీ చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ తర్వాత ఐడా కొడైకెనాల్‌లోని తన ఇంట్లో ఉంటూ వేలూరుకు వచ్చిపోతుండేది. ముసలితనంలో కూడా టెన్నిస్ వదల్లేదు. కవరు మీద డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆమెకు చేరిందని చెబుతారు. 1960 మేలో, 89 ఏళ్ళ వయసులో కొడైకెనాల్‌లో చనిపోయింది.

ఆమె పోయిన మరుసటి ఏడాది, 1961లో, సి.ఎం.సి.లో ఓపెన్ హార్ట్ సర్జరీ చేశారు. దేశంలో విజయవంతమైన మొదటి ఓపెన్ హార్ట్ సర్జరీల్లో అది ఒకటి. కుష్ఠు వ్యాధితో వంకరపోయిన చేతులను ఆపరేషన్‌తో సరిచేయడం అంతకు ముందే పాల్ బ్రాండ్ అక్కడ మొదలుపెట్టాడు. ఇప్పటికీ అక్కడ చదివే స్టూడెంట్లలో చాలామంది, తమను స్పాన్సర్ చేసిన మిషన్ ఆస్పత్రుల్లో చదువు తర్వాత కొంతకాలం పని చేయాలనే ఒప్పందం మీదే చేరతారు. మన చిత్తూరు దగ్గర కూడా సి.ఎం.సి. క్యాంపస్ ఉంది. ఐడా పోయి అరవై ఏళ్ళు దాటినా ఆస్పత్రి ఆగలేదు, పెరిగింది.

మనకు ఇందులో ఏముంది

సోషల్ ఆంత్రప్రెన్యూర్ అనే మాట 1980ల తర్వాతే ప్రచారంలోకి వచ్చింది. ఐడాకు ఆ మాట తెలియదు. అయినా ఆమె చేసిన పనిని వరసగా పెట్టి చూస్తే సిలబస్‌లా ఉంటుంది. ముందు సమస్య ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవడం, తర్వాత చిన్నగా మొదలుపెట్టడం, టైము తప్పకుండా జనం దగ్గరికి పోవడం, తనలాంటి వాళ్ళను తయారుచేయడం, రూల్ మారితే తనూ మారడం, చివరికి పక్కకు తప్పుకోవడం.

మన కాలేజీల్లో మంచి పనులు మొదలుపెట్టేవాళ్ళకు కొరత లేదు. గవర్నమెంట్ స్కూల్ పిల్లలకు కోడింగ్ నేర్పే గ్రూపులు, రక్తదానం యాప్‌లు, హాస్టల్‌లో మిగిలిన అన్నం పంచే టీమ్‌లు. ఎవరో ఒక సీనియర్ మనసు కదిలి మొదలుపెడతారు, రెండేళ్ళు బాగా నడుస్తుంది. ఆ సీనియర్ పాసవుట్ అవ్వగానే వాట్సాప్ గ్రూప్ సైలెంట్ అయిపోతుంది. అక్కడ మోటివేషన్ తక్కువై కాదు, ఆ మోటివేషన్ ఒక్క మనిషి లోపలే ఉండిపోవడం వల్ల. ఆ గవర్నమెంట్ స్కూల్లో పిల్లలు మాత్రం శనివారం వచ్చేసరికి ఈ వారమైనా అన్నావాళ్ళు వస్తారేమో అని చూస్తూనే ఉంటారు.

కాబట్టి ఎవరైనా కొత్త పని మొదలుపెడుతుంటే వాళ్ళ మోటివేషన్ ఏంటని అడగడంతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడుగుదాం. మీ సలోమీ ఎవరు? మీరు వెళ్ళిపోయాక దీన్ని నడపబోయే ఫస్టియర్ పిల్లలకు ఇప్పటిదాకా ఏం నేర్పారు?